చుట్టరికాలు పోగా మిగిలిన వార్త

మా పత్రికాఫీసుకు విలువలు నేర్పడానికి పరాయి దేశం నుంచి ఒకావిడ వచ్చింది. మన భాష నేర్చుకునే వచ్చింది. పాఠాలమ్మ అని పిలిచేవాళ్ళం. ఆవిడ వచ్చేదాకా మాకు విలువలు లేవన్న సంగతి మాకు తెలియదు.

మొదటి పాఠం: విలేకరి తన బంధువుల గురించి వార్త రాయకూడదు. ఎడిటర్ ఆ మాటను పెద్దక్షరాల్లో అచ్చువేయించి గడియారం కింద అంటించాడు. జిగురు ఇంకా ఆరలేదు, మా అక్క సీసా పట్టుకుని లోపలికొచ్చింది.

సీసాలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళ వీధి కుళాయివి. ఎగువనున్న రంగుల ఫ్యాక్టరీ వదిలే మురుగు వీధి బోరులోకి దిగుతోంది. అక్క కూతురికి ఒళ్ళంతా దద్దుర్లు. ఆ ఫ్యాక్టరీ అనుమతి గడువు ముగియవస్తోంది. మర్నాడు తనిఖీ అధికారి వచ్చి సంతకం గీకాడంటే మళ్ళీ ఏళ్ళ తరబడి ఇవే నీళ్ళు. ఆలోపు వార్త పడాలి.

"రాయరా," అంది అక్క.

"నేను రాయకూడదంట అక్కా."

"ఏం, చేతులు పడిపోయాయా?"

"నువ్వు నాకు అక్కవి కదా."

"పిల్లకి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి రాలేదు గానీ, ఇవాళ గుర్తొచ్చిందేం చుట్టరికం!"

ఎడిటర్ వార్తను సన్నాయికి అప్పగించాడు. సన్నాయి మా ఇంకో విలేకరి. ఎవరు కనిపించినా తియ్యగా వాయిస్తాడు కాబట్టి ఆ పేరు.

"రాయడానికేముంది సార్," అన్నాడు సన్నాయి. "ఫ్యాక్టరీ మేనేజరు మా మావగారు, అంతే."

నేరాల వార్తలు రాసేవాడు ఫ్యాక్టరీ యజమానికి మేనల్లుడు. ఆటల పేజీ అమ్మాయి మొగుడు ఆ ఫ్యాక్టరీలోనే రంగులు కలుపుతాడు. మిగిలింది ఎడిటర్. మేం కూర్చున్న భవనం ఫ్యాక్టరీ యజమానిది. ఆ మాట ఎవరూ అనలేదు. అందరం కప్పు వంక చూశాం.

"మేడమ్, మీకిక్కడ చుట్టాలు లేరు. మీరే రాయండి," అన్నాడు ఎడిటర్.

"నేను ఉండేది ఫ్యాక్టరీ అతిథి గృహంలో," అంది పాఠాలమ్మ. "భోజనం కూడా వాళ్ళదే." అబద్ధమాడే మనిషి కాదు.

"మీ దేశంలో ఇలాంటప్పుడు ఏం చేస్తారండీ?"

"మా దేశంలో ఇంతమంది బంధువులు ఉండరు."

"అయ్యో పాపం," అంది అక్క. నిజంగానే జాలిపడింది.

పాఠాలమ్మ ఇంకో దారి చెప్పింది. తప్పనిసరైతే రాయొచ్చు. కానీ ఆ సంబంధం ఏమిటో వార్త పైనే పాఠకులకు చెప్పేయాలి. దాచకూడదు.

బాగుంది. "ఈ వార్త రాసినవాడు ఫిర్యాదు చేసినావిడకు తమ్ముడు" అని మొదలుపెట్టి, బోరు గురించి, దద్దుర్ల గురించి, మేనేజరు ఖండనతో సహా అంతా రాసిచ్చాను.

"నీ చుట్టరికమొక్కటే వేస్తే పక్షపాతం," అన్నాడు ఎడిటర్. "అందరివీ వేయాలి."

అందరం చెబుతూ పోయాం, అతను రాస్తూ పోయాడు.

"మా మావగారూ తనిఖీ అధికారీ తోడల్లుళ్ళు సార్. అదీ వేయాలా?" అన్నాడు సన్నాయి.

"విలువలన్నాక అన్నీ వేయాలి."

చివర్లో పెన్ను ఆగింది. పాఠాలమ్మ అతని వంకే చూస్తోంది. భవనం సంగతి కూడా ఎడిటర్ తన చేత్తోనే రాశాడు. ఆ ఒక్క వాక్యానికి చెమట పట్టింది మనిషికి.

తీరా చూస్తే చుట్టరికాలే చోటంతా తినేశాయి. నా వార్త నరుక్కుంటూ వచ్చి ఒక్క వాక్యం ఉంచాడు: రంగుల ఫ్యాక్టరీ దిగువ వీధిలో కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి.

"మావగారి ఖండనో?" అన్నాడు సన్నాయి.

"చోటు లేదు."

మా పత్రికలో పక్కన ఖండన లేకుండా ఒక నిజం అచ్చయింది అదే మొదటిసారి. స్థలాభావం వల్ల.

వార్తలు చదవని జనం చుట్టరికాలు చదవకుండా ఉంటారా? మర్నాడు అధికారి జీపు దిగేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు వీధివీధంతా నిలబడి ఉంది. ఒక చేతిలో పేపరు, ఒక చేతిలో సీసా.

"తోడల్లుడింటికి వచ్చారా బాబూ?" అంది అక్క. "వెళ్ళండి, లోపల మర్యాదలు చేస్తారు. వెళ్ళేముందు ఈ నీళ్ళు కాస్త గొంతులో పోసుకుని వెళ్ళండి."

అధికారి కడుపునొప్పి అని చెప్పి జీపెక్కాడు. అతని కింది అధికారి యజమానికి అల్లుడు. వాడూ ధైర్యం చేయలేదు. గడువు ముగిసింది. మురుగు పైపు మూశారు. సంతకం పెట్టడానికి ఏ చుట్టరికమూ లేని మనిషి కోసం ఇంకా వెతుకుతున్నారు.

తర్వాత ఒకరోజు అక్క ఆఫీసుకొచ్చి పేపరు బల్లమీద కొట్టింది.

"తప్పు పడిందిరా ఇందులో."

ఎడిటర్ లేచి నిలబడ్డాడు. "ఏం తప్పమ్మా?"

"మేనేజరు పెళ్ళాం మా పెద్దమ్మ తోటికోడలి కూతురు. ఆఫీసరు పెళ్ళాం దాని చెల్లెలు. అంటే వాళ్ళిద్దరూ నాకు బావలు. అది వేయలేదు మీరు."

"అయ్యో. మరి గేటు దగ్గర ఆఫీసర్ని అన్నేసి మాటలు అన్నావు కదక్కా!" అన్నాను.

"బావ అని ముందే తెలిస్తే ఇంకో నాలుగు అనుండేదాన్ని," అంది అక్క.

ఎడిటర్ సవరణకు చోటు కేటాయించాడు.