ఈనిడ్ పంపిన చీటీ

తుంటి ఎముక విరిగి నాలుగో వార్డులో పడ్డ ఈనిడ్ హాస్లమ్‌కి నొప్పి కన్నా బెంగ ఎక్కువ. ఆసుపత్రి కింది అంతస్తులో, లాండ్రీ పక్క ఇరుకు గదిలో, పైసా జీతం లేని వాలంటీర్లు నడిపే రేడియో ఒకటుంది. అందులో బుధవారం సాయంత్రం ఈనిడ్‌ది. రోగులు కోరిన పాట వేసి, వాళ్ళు చెప్పమన్న మాట చదువుతుంది. ఒంటరి మనిషి. వారంలో మిగతా రోజులన్నీ ఆ బుధవారం కోసమే ఎలాగో గడుస్తాయి.

"నీ కుర్చీ ఎక్కడికీ పోదే పిచ్చిమొహమా!" అంది మొన్న మ్యూరియెల్, తను తెచ్చిన ద్రాక్షపళ్ళు సగం తనే తింటూ. "నువ్వొచ్చేదాకా నేను కాపలా, అంతే."

మ్యూరియెల్ ఆవిడకి ప్రాణస్నేహితురాలు. ఇన్నేళ్ళూ వార్డులన్నీ తిరిగి, రోగుల మాటలు చీటీల మీద రాసుకొచ్చి ఈనిడ్ చేతిలో పెట్టింది ఆవిడే.

పక్క మంచం మీద ఆలివ్ పికప్ అనే రోగి. ఆవిడ భర్త ఈ ఆసుపత్రిలోనే పోయాడు. "మా ఆయన ముద్దకి తప్ప నోరు తెరిచే రకం కాదు. అలాంటిది, పోయేముందు రేడియోలో చెప్పించాడమ్మా, 'ఆలివ్, నీ చేతి టీ తాగని రోజు నాకు రోజే కాదు' అని! ఇదిగో, ఈవిడ గొంతులోనే విన్నాను," అని వచ్చిన ప్రతి నర్సుకీ చెప్పేది. విన్నప్పుడల్లా ఈనిడ్ మనసు నిండిపోయేది.

బుధవారం వచ్చింది. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు.

"మన ఈనిడ్ ఇక చాలనుకుంది," అంటోంది రేడియోలో మ్యూరియెల్. "తనే నన్ను పిలిచి, ఇకనుంచి బుధవారాలు నీవేనని అప్పజెప్పింది. కాదనలేకపోయాను."

మొన్ననే ఈనిడ్ పక్కన కూర్చుని, ద్రాక్షపళ్ళు తిని, నవ్వి, నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిన మనిషి!

"మానేశారా? నాతో ఒక్క ముక్కైనా అనలేదే!" అంది ఆలివ్ నొచ్చుకుంటూ. ఇంతలో ఇయర్‌ఫోన్లలో పాట మొదలైంది. ఆలివ్ అందులో పడింది.

కాసేపటికి చీటీల కట్ట పట్టుకుని క్లిఫర్డ్ వచ్చాడు. పోస్టాఫీసులో రిటైరై కొత్తగా చేరిన వాలంటీరు.

"ఏ పాట వెయ్యమంటారమ్మా?"

"బ్రాస్ బ్యాండ్ ఏదైనా సరే. మాట మాత్రం చెప్పింది చెప్పినట్టు రాయండి." ఈనిడ్ గొంతు తగ్గించింది. "నేను మానలేదు. కాలు నయం కాగానే వస్తాను. నా కుర్చీ నాకు కావాలి. ఇట్లు, ఈనిడ్ హాస్లమ్."

క్లిఫర్డ్ తల గోక్కున్నాడు. "కొత్తవాణ్ణి, నన్నిరికించకండమ్మా."

"మీకేం కాదు. రోగి మాట ఒక్క అక్షరం మార్చకూడదు. ఆ రూలు పెట్టిందే నేను. మ్యూరియెల్ చచ్చినట్టు చదవాలి."

మ్యూరియెల్ ఏ కాగితమూ ముందుగా చూసుకునే మనిషి కాదని ఈనిడ్‌కి తెలుసు. అందుకే అంత ధీమా.

రెండు పాటలయ్యాయి. "నాలుగో వార్డు నుంచి... అరె, మన ఈనిడే!" ఒక చిన్న దగ్గు. ఆ తర్వాత మ్యూరియెల్ గొంతు ఎక్కడా తడబడలేదు. "'నేను హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాను. నా కుర్చీలో నా మ్యూరియెల్ ఉందంటే, నేనున్నట్టే.' ఎంత మంచి మనసు తల్లీ నీది!"

బ్యాండు మొదలైంది. వార్డంతా చప్పట్లు కొట్టింది.

ఈనిడ్ ఇయర్‌ఫోన్లు లాగేసింది. ఇంత తేలిగ్గా, ఇంత తియ్యగా మార్చేసిందంటే, ఇది కొత్తగా నేర్చుకున్న విద్య కాదు. 'మీ గొంతు వింటేనే మాకు నిద్ర పడుతుంది ఈనిడ్' అని వచ్చిన చీటీలు ఎన్ని! అవి చదివి ఇంటికెళ్ళి ఎన్ని రాత్రులు మురిసిపోయింది! అవన్నీ ఎవరి మాటలు?

"ఎంత చక్కగా చెప్పారండీ!" ఆలివ్ ఇయర్‌ఫోన్లు తీసి కళ్ళు తుడుచుకుంటోంది.

"అవి నా మాటలు కావు ఆలివ్. అది సొంతంగా కల్పించి..."

"ఏమన్నారు?" ఆలివ్ ముందుకు వంగింది. "అచ్చం మా ఆయన మాటల్లాగే ఉన్నాయి. అప్పుడు ఆయన చీటీ మీకు తెచ్చింది కూడా మ్యూరియెలే కదూ?"

ఈనిడ్ ఆవిడ మొహంలోకి చూసింది.

"అవును," అంది. "మ్యూరియెలే."

"ఇందాక ఏదో అంటున్నారు?"

"ఏం లేదు. మీ ఆయన ఏమన్నారో మళ్ళీ చెప్పండి," అంది ఈనిడ్.