మళ్లీ ఐదో తరగతి

హాల్ టికెట్లు వచ్చాయని బడిలో గురప్ప సారు చెప్పిన మరుసటి రోజే కంది కోత కూలి మానుకొని నల్లమాడకు పోయాను. ఇంటర్నెట్ సెంటర్ నడిపే వనజాక్షి అక్క నా చేతిలోని దరఖాస్తు నంబరు చూసి కంప్యూటర్లో కొట్టింది. మళ్లీ కొట్టింది. తెర నా వైపు తిప్పకుండా అడిగింది.

"మేయ్, మీ పాప పోయిన సంవత్సరం కూడా ఈ హాస్టలు బడి పరీక్ష రాసిందా?"

"రాసిందక్కా. ఆరు మార్కుల్లో సీటు పాయ. ఐదు చదివేటోళ్లకే పరీక్ష, అందుకే గదా మళ్లీ ఐదులోనే పెట్టి చదివిస్తాండేది."

"ఎవరు పెట్టమనింది?"

"నేనే."

అక్క తెర నా వైపు తిప్పింది. "ఒకసారి రాసినోళ్లు రెండోసారి రాయకూడదంట మే. నీ దరఖాస్తు తీసేసినారు. పరీక్షకిచ్చిన కాగితంలోనే ఉండాది, చూసుకోలేదా?"

ఆ కాగితం నా సంచిలోనే ఉంది. ఏడాదిగా మడత పెట్టి పెట్టి నలిగిపోయింది. నేను తొమ్మిది వరకు చదివినదాన్ని. ముందువైపు తేదీలు, తేవాల్సిన సర్టిఫికెట్లు అన్నీ వేలు పెట్టి చదువుకున్నాను. వెనకవైపు చిన్న అక్షరాలు ఆఫీసువాళ్ల కోసం అనుకున్నాను. పన్నెండో నంబరు దగ్గర ఉంది ఆ మాట. ఒకే ఒక్క వాక్యం.

"మీ సారు చెప్పలేదా?"

"సారుకూ తెలీదక్కా. ఆయప్ప వద్దనే అన్నాడు. ఆరుకు పంపమ్మా, హైస్కూల్లో కూడా బాగానే చదువుకుంటాదిలే అన్నాడు. నేనే ఇంటికి పోయి బతిమలాడినా."

ఎందుకు బతిమలాడానో అక్కకు చెప్పలేదు. నా తొమ్మిదో తరగతి అయిపోగానే మా అమ్మానాయన బెంగళూరు పనులకు పోతూ నన్నూ తీసుకుపోయారు. ఒక్క సంవత్సరం ఆగండి, పది రాసి వస్తానని బస్సు ఎక్కేదాకా ఏడ్చాను. ఆ సంవత్సరం నాకు దొరకలేదు. పద్నాలుగేళ్లుగా, కంది కోసేటప్పుడు, వేరుశనగ బుడ్డలు వలిచేటప్పుడు, అది దొరికి ఉంటే అని తలుచుకోని రోజు లేదు. అందుకే రూతుకు సీటు తప్పినప్పుడు నేను దిగులు పడలేదు. నా బిడ్డకు ఇంకొక ఏడాది ఇవ్వగలను కదా అని సంతోషపడ్డాను కూడా.

ఆ ఏడాదంతా రూతు తనకంటే చిన్నపిల్లల మధ్య ఆఖరి వరసలో కూర్చుంది. అందరికంటే పొడుగు. మా వీధిలోని రేఖ, నిన్నటిదాకా తన పక్కన కూర్చున్న పిల్ల, హైస్కూలు బట్టలు వేసుకొని ఇంటి ముందు నుంచే పోయేది. బడిలో చిన్నపిల్లలు రూతును 'ఫెయిలక్కా' అని పిలిచారు. మొదటి రోజు ఏడుస్తూ వచ్చింది.

"నువ్వు ఫెయిల్ కాలేదు పాపా, గెలిచేదానికి ఆగినావు" అన్నాను.

తర్వాత ఎప్పుడూ ఏడవలేదు. కోడి కూయకముందే లేచి లెక్కలు చేసేది. సాయంత్రం పాత పేపర్లు. అయిపోయిందని పుస్తకం మూయబోతే "ఇంకొక్కటి చెయ్యి పాపా" అనేదాన్ని. చేసేది.

నల్లమాడ నుంచి ఇంటికొచ్చేసరికి గడపలోనే ఎదురొచ్చింది. "తెచ్చినావామ్మా?"

"కంప్యూటరు పని చేయలేదంట. శుక్రవారం రమ్మనింది."

"ఐతే అంతలోపల ఇంకో పాత పేపరు చేసుకుంటా" అని లోపలికి పోయింది.

మరునాడు చేనులో నా పక్క సాలు కోస్తున్న మా ఆయన వీరేష్ అడిగాడు. "పాపకు చెప్పినావా?"

"లేదు."

"మరి శనివారం పొద్దున పరీక్షకని బస్సెక్కించి యాడికి పిల్చుకపోతావు? చర్చికా?"

"నువ్వే చెప్పరాదా?"

"నేనేమిటికి చెప్తా? ఆ పొద్దు వద్దంటే, నీ మాదిరి నా బిడ్డ కూడా కొడవలి పట్టాల్నా అంటివే. యాదుండాదా?"

యాదుంది. అంతమంది కూలోళ్ల ముందర అన్నాను. నేను తల వంచుకొని కోస్తూ ఉంటే కాసేపటికి తనే మెత్తబడ్డాడు. "రేపన్నా చెప్పు. ఏడిస్తే నన్ను పిలువు, వస్తా."

శుక్రవారం సాయంత్రం రూతు అరుగు మీద కూర్చొని లెక్క చేస్తోంది. పక్కన పరీక్ష అట్ట, రెండు పెన్నులు. తీగ మీద రేపటికని తనే ఉతికి ఆరేసుకున్న గౌను.

"అమ్మా, హాల్ టికెట్ తెచ్చినావా? రేపు నువ్వొస్తావా, నాయనొస్తాడా?"

పక్కన కూర్చున్నాను. "రేపు పరీక్ష లేదు పాపా."

"వాయిదా ఏసినారా?"

"లేదు. నీకు లేదు."

పెన్ను ఆగింది. "ఫారంలో నేనేమన్నా తప్పు రాసినానా?"

"నువ్వు కాదు. ఒకసారి రాసినోళ్లను మళ్లీ రానీరంట. కాగితంలో ఉన్నింది. నేను చూసుకోలేదు. తప్పు నాది."

రూతు నా మొహంలోకి చూసింది. "అంటే రేఖతో పాటు నేను కూడా ఆరుకు పోయుంటే సరిపోతాండె?"

"ఊఁ."

"మరి నేను గెలిచేదానికి ఆగినానని అందరికీ చెప్పినా గదమ్మా."

ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకోవడానికైనా నాకు వీలుండేది. నోటుబుక్కు వైపు చూసి, "ఈ లెక్క సగంలో ఉండాది. చేయాల్నా, వద్దా?" అని అడిగింది.

ఏడాదంతా ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నదాన్ని.

"నీ ఇష్టం పాపా."

నేనా మాట ఎప్పుడూ అనలేదేమో, అర్థం కానట్టు చూసింది. తర్వాత నోటుబుక్కు మూసి, చెప్పులు వేసుకొని వీధిలోకి పోయింది.

రేఖ ఇంటి ముందర నలుగురైదుగురు ఆడపిల్లలు గీతలు గీసుకొని తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. రూతు పోయి గోడ పక్కన నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. వస్తానని తను అడగలేదు, రమ్మని వాళ్లూ అనలేదు. ఏడాదిగా రూతు ఆటకు రాలేదు మరి. "రేఖా, మా పాపను కూడా చేర్చుకోండే" అని అరవబోయి అరుగు దిగాను. అక్కడే ఆగిపోయాను. నా నోటి నుంచి వచ్చే మాట మీద నాకే నమ్మకం పోయింది.

పొద్దు గుంకేదాకా ఆట సాగింది. ఒకసారి బిళ్ల దొర్లుకుంటూ రూతు కాళ్ల దగ్గరికి వచ్చింది. వంగి తీసి, రేఖ చేతికిచ్చి, మళ్లీ గోడ పక్కకే పోయి నిలబడింది.