నైట్‌హాల్టు గ్రేవీ

పుంగనూరు దాటాక బస్సులో కాలు పెట్టుకునే చోటు దొరికింది. కండక్టరు గోవిందప్ప తోలుసంచిని చంక కిందికి ఎగదోసుకుని, చొక్కా జేబులోంచి గ్రేవీ పాకెట్టు తీసి వెనకవైపు మళ్లీ చదివాడు. ‘నీళ్లలో కలిపి మరిగించండి. అంతే!’ ఆ ‘అంతే’ చూస్తేనే అతనికి ఒళ్లు మండుతుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి దొరికిన పాకెట్టల్లా కొని మరిగించాడు. ఒకటి బెల్లం పానకం. ఒకటి ఉప్పు కషాయం. మదనపల్లె బజారులో శెట్టి కొత్తగా తెప్పించిన బెంగుళూరు సరుకయితే సబ్బు వాసన. పాకెట్టు మీద బొమ్మలో మాత్రం అన్నీ ఎర్రగా నిగనిగలాడుతుంటాయి.

ఇంతకీ ఇదంతా తన కోసం కాదు. ముందు స్టీరింగు పట్టుకుని కూర్చున్న సొలొమోను కోసం. అతనికి చక్కెర జబ్బు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే చేతులు వణుకుతాయి. పోయిన నెల వి.కోట దగ్గర తెల్లవారి బస్సు ఒక్కసారిగా రోడ్డు దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముందురాత్రి సొలొమోను గ్రేవీ బాగాలేదని కంచం పక్కకు తోసేసి పడుకున్న సంగతి గోవిందప్ప ఒక్కడికే తెలుసు. డిపోలో తెలిస్తే స్టీరింగు తీసేసి గ్యారేజీలో ఓ మూల కూర్చోబెడతారు. సొలొమోను భార్య ప్రభావతి మిషనాసుపత్రిలో ఆయా. ఆమె బస్టాండుకు వచ్చి మరీ చెప్పింది. “ఆయప్పను నీ చేతిలో పెడతాండానప్పా. తినేటట్టు సూడు.”

ఇంటి నుంచి తెచ్చిన కూర ఈ ఎండకు సాయంత్రానికే పులిసిపోతుంది. హోటలు కారం సొలొమోను కడుపుకు పడదు. రాత్రికి బస్సు నిలిపే నైట్‌హాల్టు కుప్పంలో. అక్కడ దిగీ దిగగానే మాత్ర వేసుకుంటాడు, ఆ వెంటనే తినాలి. అన్నం ఉడికేలోపల పాకెట్టు గ్రేవీ తప్ప ఇంకేం అవుతుంది? రామసముద్రంలో ఇంటికి వెళితే మంచినీళ్లు కూడా ముంచుకోని మనిషి గోవిందప్ప. సన్నగా, పొడుగ్గా, సంచి మోసి మోసి ఎడమ భుజం కిందికి జారిపోయి ఉంటాడు. ఉద్యోగం మేనమామ చూసిపెట్టాడు, పెళ్లికూతురిని తల్లి చూసింది. తనంతట తాను వెతుక్కుంటున్న వస్తువు ఇదొక్కటే. అదీ కుదిరి చావడం లేదు.

“ఏం కండక్టరూ, పరీక్షకు సదవతాండావా?” అంది కిటికీ పక్కన కూర్చున్న అన్నపూర్ణమ్మ. పలమనేరు సంతకు ఆకుకూరల గంపతో ఎప్పుడూ ఈ బస్సే ఎక్కుతుంది.

“ఇది తినేటట్టు చేసే ఉపాయముంటే చెప్పుమా.”

ఆమె పాకెట్టు లాక్కుని వాసన చూసింది. “తమాటా గ్రేవీనా! మదనపల్లెలో తమాటాలు రోడ్డు మీద పారబోస్తాండారు. నువ్వేమో సంచిలో మూటగట్టింది కొంటాండావు. నీకేమన్నా పిచ్చా?”

“కోసి, ఉడికించి, నూరేదానికి టయిం యాడుండాది?”

“సరే, దీన్నేం చేస్తావు?”

“నీళ్లలో కలిపి మరిగిస్తా.”

“అట్ల చేస్తే గోడకు పూసే సున్నమైతాది గానీ కూరెట్లయితాదప్పా!” బస్సులో నలుగురూ నవ్వారు. “ముందు ఎర్రగడ్డలు నూనెలో ఎర్రగా వేయించు. దాంట్లో ఈ ముద్ద వెయ్యి. నీళ్లు పోయొద్దు. నూనె పైకి తేలేదాకా కలబెడతానే ఉండు. చెనిక్కాయలు వేయించి దంచిన పొడి, రవ్వంత చింతపండు పులుసు. ఆ దిక్కుమాలిన తీపి అప్పుడు చస్తాది.”

ఆమె చెప్పింది మనసులో వల్లె వేసుకుంటూ ఇద్దరికి టికెట్టు ఇవ్వడం మరిచిపోయాడు. వాళ్లే గుర్తుచేసి తీసుకున్నారు. పలమనేరులో బస్సు ఆగినప్పుడు పరుగున వెళ్లి ఉల్లిపాయలు, వేయించిన వేరుశెనక్కాయలు, చింతపండు కొనుక్కొచ్చాడు.

కుప్పంలో బస్టాండు వెనక ఉన్న విశ్రాంతి గదికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. సొలొమోను బూట్లు విప్పి, మాత్ర మింగి, మంచం మీద కూర్చుని పాదాలు పిసుక్కుంటున్నాడు. లావుపాటి మనిషి. మెడ మీద చెమటకు ఖాకీ చొక్కా నల్లబడి ఉంది. గోవిందప్ప స్టవ్వుకు పంపు కొట్టి అన్నం పడేశాడు. వేయించిన చెనిక్కాయలను తువ్వాలులో మూటగట్టి, బస్సులోంచి జాకీ రాడ్డు తెచ్చి దంచసాగాడు.

“బండికి రిపేరా, కూరకా?” అన్నాడు సొలొమోను.

“నీ నాలికకు. నోరు మూసుకుని కూర్చోన్నా.”

ఉల్లిపాయలు ఎర్రబడ్డాయి. ముద్ద వేశాడు. అది అడుగంటుతుంటే మంట తగ్గించి, మోచెయ్యి నొప్పి పుట్టేదాకా కలబెట్టాడు. అంచుల్లో నూనె చిన్న చిన్న పూసలుగా విడిపోయింది. పొడి, చింతపండు పులుసు పడేసరికి గదిలో వాసనే మారిపోయింది. పక్క గదిలోని డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూసి వెళ్లాడు. గోవిందప్ప అరచేతిలో వేసుకుని నాకి చూశాడు. తీపి చచ్చింది. ఇది కూరే.

సొలొమోను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

“ఇంతసేపేంది? గ్రేవీ నుంచి కాపాడమని అడగతాండావా? సల్లారిపోతాది తిను.”

“ఆమెన్,” అని సొలొమోను ముద్ద కలిపాడు. నమిలాడు. గోవిందప్ప తన కంచం ముట్టుకోకుండా అతని మొహమే చూస్తూ కూర్చున్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడోది తిన్నాడు. కంచం నున్నగా తుడిచి తిన్నాక మూతి తుడుచుకుని అన్నాడు:

“ఉప్పు రవ్వంత తక్కువ.”

గోవిందప్పకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది. “మోచెయ్యి ఊడిపోయేటట్టు కలబెడితే ఉప్పంటావా? రేపట్నించి నువ్వే వండుకో. నా వల్ల కాదు.”

గోవిందప్ప తన అన్నం గబగబా మింగేసి కంచాలు తీసుకుని కుళాయి దగ్గరికి పోయాడు. తిరిగి వచ్చేసరికి స్టవ్వు పక్క బాణలి ఖాళీ. మిగిలిన గ్రేవీ చుక్క లేకుండా గీకి ఉంది. సొలొమోను బయట మోరీలో పారబోసి ఉంటాడు. అడిగితే మళ్లీ మాట పెరుగుతుందని పళ్లు బిగించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“గోవిందప్పా,” అన్నాడు సొలొమోను.

అతను పలకలేదు. నిద్రపోయాడనుకుని సొలొమోను కూడా ఊరుకున్నాడు.

తెల్లవారి గోవిందప్ప విసుగ్గానే లేపాడు. “లేన్నా, బండి తియ్యాల.” భుజం పట్టుకుని ఊపాడు. ఆ భుజం చల్లగా, బరువుగా ఉంది. సొలొమోను ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నాడు. గుండె ఆగి కొన్ని గంటలై ఉంటుందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు. తిన్నాడా అని డాక్టరు అడిగాడు. “తిన్నాడు సార్. కడుపు నిండా తిన్నాడు,” అన్నాడు గోవిందప్ప. అదే మాట ప్రభావతికి ఎట్లా చెప్పాలో అతనికి తోచలేదు.

శవాన్ని మదనపల్లెకు తీసుకుపోయే వ్యాను వచ్చింది. బూట్లు, దుప్పటి, మాత్రల సీసా సంచిలో సర్దాక, ఇంకేమైనా ఉందేమోనని గోవిందప్ప గది నాలుగు మూలలా చూశాడు. మంచం తలవైపు కిటికీలో ఒక గిన్నె, పిల్లి ముట్టకుండా మూత మీద రాయి. మూత తీశాడు. రాత్రి గ్రేవీ. పొద్దున బస్టాండు ఇడ్లీలోకి పనికొస్తుందని దాచుకున్నట్టుంది. పక్కన కాగితంలో చిటికెడు ఉప్పు కూడా పొట్లం కట్టి పెట్టుకున్నాడు.

వ్యాను హారను రెండోసారి మోగింది. గిన్నె ఇంకా కిటికీలోనే ఉంది. పైన ఎర్రటి నూనె కదలకుండా తేలి ఉంది.