నూరో ఎపిసోడ్‌లో ఒకే ఒక్క నవ్వు

తౌసిఫ్ చొక్కా కాలరు కిరీటి పిడికిట్లో ఉంది. బల్ల మీద రెండు ఫోన్లూ ఒకదాని వెనక ఒకటి మోగుతూనే ఉన్నాయి.

"ఏడింటి వార్తలకి ఇంకా ఇరవై నిమిషాలుంది," అన్నాడు కిరీటి. "ఈ పని చేసిందెవరో ఈలోపు చెప్పావా, బతికిపోయావు. లేదంటే వార్తలకి ముందు నీ ఫోటో వేసి వీడేనని చదివిస్తా. మైలవరం నుంచి పామర్రు దాకా నీ మొహం చూడని ఇల్లుండదు. ఆ తర్వాత నీకు పెళ్ళి క్యాసెట్ల పని కూడా ఎవడూ ఇవ్వడు."

అన్నంత పనీ చేస్తాడని తౌసిఫ్‌కి తెలుసు. పటమటలో మేడ మీద మూడు గదుల్లో నడిచే ఆ కేబుల్ ఛానల్‌కి కిరీటి యజమాని. తౌసిఫ్ అక్కడ ఎడిటర్. ఆరేళ్ళుగా ఆ పని తప్ప అతనికి మరో పని రాదు.

ఆ సాయంత్రం ఆరింటికి 'సుబ్బారావు సంసారం' నూరో ఎపిసోడ్ ప్రసారమైంది. నాటకాల్లో ముదిరిన హాస్యనటుడు వెంకటసుబ్బారావు వారం వారం వేసే స్కిట్లు అవి. అన్నిట్లోనూ బుల్లెమ్మ అనే పెళ్ళాం ఉంటుంది. నల్లదని, తిండిపోతని, మట్టిబుర్రని ఆయన ఆమెను ఒక్కో మాటా అంటుంటే వెనక నుంచి జనం విరగబడి నవ్వుతారు. ఆ వేషం కట్టేది భానుశ్రీ. పేరు మాత్రం వెంకటసుబ్బారావు సొంత భార్యది. నవ్వులు తౌసిఫ్ కంప్యూటర్లోవి.

ఈ రోజు ఇరవై నిమిషాలు ఒక్క నవ్వు రాలేదు. ఒక ముసలాయన ఒక ఆడమనిషిని ఆగకుండా తిట్టాడు, అంతే. ఛానల్ గదిలో టీవీ చూస్తున్నవాళ్ళు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. చివర్లో ఆయన కెమెరా ముందుకొచ్చి, కళ్ళొత్తుకుంటూ, "కళామతల్లికి జీవితం ధారపోశాను. నాకు పిల్లల్లేరు. మీరే నా పిల్లలు," అన్నాడు. అప్పుడొచ్చింది నవ్వు. వెయ్యిమంది ఒక్కసారిగా పగలబడినట్టు, ఆయన ఏడుపు మీద, ఆయన నమస్కారం మీద, తెర చీకటైపోయేదాకా.

నూరో ఎపిసోడ్ సన్మానానికని దండ తెచ్చి అక్కడే కూర్చున్న చీరల షాపు యజమాని కూడా ఆపుకోలేక నవ్వేశాడు. అది వెంకటసుబ్బారావు కంటపడింది.

ఆ దండ మెళ్ళో అలాగే ఉంది. కుర్చీలోంచే కిరీటి వైపు వేలు చూపించాడు.

"నువ్వే చేయించావు కిరీటీ," అన్నాడు. "నెల రోజుల్నుంచీ నవ్వులు తీసేద్దాం, తీసేద్దాం అని నా ప్రాణం తీస్తున్నావు."

"తీసేద్దామన్నాను గానీ మిమ్మల్ని చూసి నవ్విద్దామన్లేదు గదండీ. మీరే ఒప్పుకోలేదు."

"ఎట్టా ఒప్పుకుంటాను? నవ్వు లేకపోతే ఎక్కడ నవ్వాలో జనానికెట్టా తెలుస్తుంది?"

గుమ్మం దగ్గర క్యారియరు పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య, అసలు బుల్లెమ్మ, చప్పుడు చేయకుండా లోపలికొచ్చింది. ఆయనకు కడుపులో పుండు. ఇంటి తిండి తప్ప పడదు. ఆయన ఛానల్‌కి వచ్చే ప్రతిరోజూ ఆమె పొద్దున్నే వచ్చి, సాయంత్రం ఆయన వెంటే వెళుతుంది. గ్లాసులోకి మజ్జిగ వంచి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆమె వైపు చూడకుండానే తాగాడు.

"పది నిమిషాలివ్వండి సార్," అన్నాడు తౌసిఫ్.

కిరీటి కాలరు వదిలాడు.

తౌసిఫ్ కంప్యూటర్లో ఆ ఆఖరి నవ్వును మళ్ళీ మళ్ళీ విన్నాడు. అతని దగ్గరున్న నవ్వులు నలభై. ఏడో నవ్వులో ఒకడు దగ్గుతాడు. పన్నెండో దాంట్లో ఒకావిడ కీచుమంటుంది. అన్నీ కంఠతా వచ్చు. ఇది వాటిలోది కాదు. అడుగున జనరేటరు మోత ఉంది, పసిపిల్ల ఏడుపు ఉంది. నవ్వు మొదలయ్యే ముందు ఎవరిదో సగం తెగిన మగగొంతు ఉంది. బయట ఎక్కడో, ఏ నాటకంలోనో పట్టిన నవ్వు.

తౌసిఫ్ వేళ్ళు ఆగిపోయాయి. పోయిన నెల ఒక పాత క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించింది తనే. టేపు నలిగిపోతోందని ఇచ్చారు. వినకుండానే ఎక్కించాడు. దాన్ని వెతికి, పెద్ద స్పీకరులో పెట్టాడు.

తొమ్మిదేళ్ళ కిందటి వెంకటసుబ్బారావు గొంతు గదంతా నిండింది.

"పామర్రు ప్రజలకి మా ఆవిణ్ణి చూపిస్తా. అదిగో, ముందు వరసలో ఉంది. లేవవే బుల్లెమ్మా, అందరికీ కనపడేట్టు నిలబడు. కట్టుకుని పదేళ్ళయిందండీ. కొన్న ఏడాదికే గేదె ఈనింది. ఇది మేతకి తప్ప దేనికీ..."

జనం భళ్ళుమన్నారు. అదే జనరేటరు, అదే పసిపిల్ల. ఆ నవ్వు కొంచెం తగ్గుతుండగా సన్నటి ఆడగొంతు వినిపించింది. "కూర్చోమంటారా అండీ?"

దాంతో నవ్వు రెండింతలైంది.

తౌసిఫ్ ఆపేశాడు. వెంకటసుబ్బారావు మొహం విప్పారింది.

"పామర్రు," అన్నాడు. "నా జన్మలో అంత నవ్వు మళ్ళీ రాలేదురా. ఐదు నిమిషాలు నాటకం ఆగిపోయింది." అంతలోనే మొహం ముడుచుకుంది. "అది నా బీరువాలో ఉండాలే. ఇక్కడికెవడు తెచ్చాడు?"

తౌసిఫ్ మధ్యాహ్నం జరిగింది గుర్తు చేసుకున్నాడు. ఇవాళ శుక్రవారం. ఒంటిగంటకి నమాజుకి వెళ్ళేటప్పుడు ఎడిటింగ్ అంతా పూర్తయింది. రెండున్నరకి వచ్చి, సౌండు తగ్గించి, అన్నం తింటూ టేపుకి ఎక్కించేశాడు. మళ్ళీ వినలేదు. మధ్యలో ఆ ఏసీ గదిలో ఎప్పటిలాగే ఒకే మనిషి కూర్చుని ఉంది. రెండేళ్ళుగా పక్కన స్టూలు మీద కూర్చుని అతని చేతుల్నే చూసిన మనిషి.

"ఈ గీతలేంటి బాబూ?" అని అడిగేది.

"పైది మాటలమ్మా. కిందది నవ్వులు. ఇట్టా పట్టుకుని జరిపితే జరుగుతాయి."

"నవ్వులు తీసేస్తే ఏం మిగుల్తుంది?"

"ఏముంటుందమ్మా. తిట్లు మిగుల్తాయి."

"వార్తలకి ఐదు నిమిషాలుంది," అన్నాడు కిరీటి. పక్క గదిలో వార్తలు చదివే అమ్మాయి పౌడరు అద్దుకుంటోంది. ఆమె ముందున్న కాగితంలో పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. "తౌసిఫ్ అని రాయించనా?"

తౌసిఫ్ చూపు క్యారియరు దగ్గరున్న మనిషి మీదికి వెళ్ళింది. చెబితే ఆమెను ఇంటికి తీసుకెళ్ళేది ఎవరో తెలుసు. ఇంటి తలుపు వేశాక ఏం జరుగుతుందో కూడా తెలుసు. చెప్పకపోతే రేపట్నుంచి తనకు ఈ ఊళ్ళో అన్నం లేదు.

"ఎవడ్రా వాడు?" వెంకటసుబ్బారావు లేచాడు. దండ తెగి పూలు రాలాయి. "పేరు చెప్పు. వాడి చర్మం వొలుస్తా."

బుల్లెమ్మ ఖాళీ గ్లాసును క్యారియరు మీద బోర్లించింది. పిడి బిగించింది. తౌసిఫ్ ఎదురుగా వచ్చి నిలబడింది, ముందు వరసలో లేచి నిలబడ్డట్టే.

"చెప్పు బాబూ," అంది. "నీ కూడు పోగొట్టుకోవాకు. నవ్వు లేకుండా ఆ పేరెట్టా ఉంటదో ఒక్కసారి వినాలనుంది."

వెంకటసుబ్బారావు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

తౌసిఫ్ ముందు స్పీకరు స్విచ్ ఆపాడు. తర్వాత కిరీటిని కాదు, ఆయన్నే చూస్తూ చెప్పాడు.

"బుల్లెమ్మ గారండీ."