నూకాలు పడవ

శశికాంత్‌కి కావలసింది మధులిక సంతకం. అతని తెలుగు ఆడియో సీరియల్‌ని బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే కథల ఆటగా తెస్తామని డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఒక ప్రచురణ సంస్థ ముందుకొచ్చింది. అయితే ఆ సీరియల్ పుట్టిందే అలాంటి ఆటలోంచి. డబ్లిన్ పక్కనున్న నేస్ ఊళ్లో ఉజ్వల ఇంట్లో ఆదివారాలు నలుగురు ఆడేవారు. శశికాంత్ కథ నడిపేవాడు. మిగిలిన ముగ్గురూ తలా ఒక పాత్ర పట్టేవారు. అందుకని సంస్థ షరతు పెట్టింది: ఆడినవాళ్లందరూ తమ హక్కులు రాసిస్తేనే లైసెన్సు. ఉజ్వల, ఆమె భర్త నవదీప్ రాసిచ్చారు. మధులిక మిగిలింది.

పడవ నడిపే నూకాలు మధులిక పాత్ర. పేరు, మాట, మొండితనం అన్నీ ఆమె పెట్టినవే. సీరియల్ విన్నవాళ్లు పడిచచ్చింది నూకాలు కోసమే. మూడేళ్ల కిందట తెలుగు సంఘం సభలో ఎవరో అడిగారు, ఆ పాత్ర ఎలా తట్టిందని. "స్నానం చేస్తుంటే తట్టింది," అన్నాడు శశికాంత్. మధులిక మూడో వరసలో ఉంది. అందరూ చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది. ఆ కొట్టినందుకు తనని తాను క్షమించుకోలేదు. అతన్ని అసలే క్షమించలేదు.

"సంతకం సంగతి తర్వాత. ముందు ఆ ప్రచురణకర్త ఎదుట ఒక్కసారి నూకాలుని ఆడనీ," అందామె.

"గదే కద నాక్కూడ కావాల్సింది!" అన్నాడు శశికాంత్. లైసెన్సు ఖాయం చేసే ముందు ఆట చూడాలని ప్రచురణకర్త ఓర్లా అడుగుతూనే ఉంది.

ఓర్లా ఆఫీసులో నలుగురూ మళ్లీ బల్ల చుట్టూ చేరారు. ఆమె కోసం ఆట ఇంగ్లీషులో సాగింది. తిట్టుకోవడానికి మాత్రం తెలుగు.

శశికాంత్ కథ ఎత్తుకున్నాడు. శత్రువులు తరుముతుంటే రాజు రుద్రవర్మ నూకాలు పడవెక్కాడు. ఆ రాజు శశికాంత్ సొంత పాత్ర. ఆయన అవతలి ఒడ్డుకి చేరితేనే మిగతా కథ.

"నది మధ్యకి వచ్చాం. పడవ తోసే గెడ లోపల పెట్టేస్తున్నాను," అంది మధులిక.

"ఎందుకు?"

"రాజుగారిని ఒక మాట అడగాలి. ఈ పడవ ఎవరిది?"

శశికాంత్ నవ్వి రాజు గొంతు పెట్టాడు. "రాజ్యంలో పడవలన్నీ మావే."

"అయితే తమరే నడుపుకోండి."

ఓర్లా కుర్చీ ముందుకి జరుపుకుంది. రాజు గెడ అందుకున్నాడు. శశికాంత్ పాచిక వేశాడు. ఒకటి పడింది, అంటే రాజు వల్ల కాలేదు. గెడ చేజారి నీళ్లలో పోయింది. పడవ సుడి వైపు తిరిగింది.

"ఏం జేస్తున్నవ్ మధూ? నూకాలు గట్ల చెయ్యదు," అన్నాడు తెలుగులో.

"అది ఏం చేస్తుందో నువ్వు చెప్తావా? పోయి ఇంకోసారి స్నానం చేసి రా."

నవదీప్ కిసుక్కున నవ్వాడు. ఉజ్వల అతని కాలు తొక్కింది.

ఈ ఆటకి ఒక కట్టుబాటు ఉంది. పాత్ర ఏం చేస్తుందో ఆ పాత్ర పట్టినవాళ్లే చెప్పాలి. కథ నడిపేవాడు నదిని పొంగించగలడు, తుఫాను తేగలడు. నూకాలు చేత పడవ నడిపించలేడు. ఓర్లా చూస్తుండగా ఆ కట్టు తప్పడానికి శశికాంత్‌కి ధైర్యం చాలలేదు.

"రాజు ఒప్పుకుంటున్నాడు. పడవ నూకాలుదే."

"సుడి హోరులో వినబడలేదు."

"పడవ నీదే!"

"నాదేగా? దిగు మరి."

నూకాలు పడవ అడుగు చెక్క పీకేసిందని మధులిక చెప్పింది. రాజు మునిగాడు. కథ అక్కడితో సరి.

ఓర్లా బల్ల మీద చరిచి నవ్వింది. "ఈ నూకాలుని ఎవరు పుట్టించారు?"

శశికాంత్ నోరు తెరిచేలోపు ఉజ్వల మధులిక వైపు చూపించింది. "ఇదిగో, ఈవిడే. మా సోఫాలో కూర్చుని."

"అయితే ఈమె సంతకం లేనిదే నేను కదలను," అంది ఓర్లా. "నూకాలు లేని ఆట నాకొద్దు."

మధులిక కోటు తొడుక్కుంది.

శశికాంత్ లువాస్ ట్రామ్ స్టాప్ దాకా వెంటబడ్డాడు. "తప్పయింది మధూ. ఆట పుస్తకం మీద నీ పేరు వేయిస్త. నా పేరు కన్న ముంగట వేయిస్త. సంతకం పెట్టు."

మూడేళ్లుగా ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. తీరా విన్నాక అది చాలలేదు.

"పెట్టను."

"పెట్టకుంటే నూకాలు సుత పోతది. సోంచాయించినవా?"

ఆలోచించింది. అట్ట మీద నూకాలు బొమ్మ ఎలా ఉండాలో ఆమెకి ఏనాడో తెలుసు: కుచ్చిళ్లు పైకి దోపి, గెడ భుజాన వేసుకుని. ఆ బొమ్మ ఇక ఎవరూ వెయ్యరు.

"పోనీ," అంది.

ట్రామ్ వచ్చి ఆగింది. ఆమె ఎక్కింది.

"నీకేమొస్తది దీంతోని?" శశికాంత్ కిందనుంచి అరిచాడు.

"నీకు రాకుండా పోతుంది. చాలదూ?"

తలుపులు మూసుకున్నాయి.