శ్రీపాల్ బాపు

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతబడ్డాయి. ఇంట్లో ఖాళీగా ఉండడమెందుకని మావాళ్లు నాకు పెళ్లి చేసి జనగామ పంపారు. మావారిది టోకు కిరాణా దుకాణం.

మా శ్రీపాల్‌కు ఏడేళ్లు వచ్చినా నాలుగు మాటలు రాలేదు. బజార్లోకి పరుగెత్తితే నేనే పట్టుకురావాలి. "మీ ఇంటి రక్తమే గిట్లాంటిది" అనడం వరకే మావారి పని.

చివరికాయన రెండో పెళ్లికి సిద్ధమయ్యారు. నాకు పిల్లలే కలగలేదని రఘునాథపల్లి వాళ్లకు చెప్పించారు. అది కుదిరితే నేనూ శ్రీపాలూ టేకుమట్లలో మా అన్న పంచన.

పిల్ల తండ్రి భిక్షపతి వచ్చిన రోజు శ్రీపాల్‌ను వెనక గదిలో పెట్టి గొళ్లెం వేశారు.

"నువ్వు బయటికి రాకు. చాయ్ అయినంక పిలువు, నేనే పట్కపోత" అని నాకు ఆజ్ఞ.

చాయ్ అయింది. మొగుడి పేరు నోట అంటే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అత్తమ్మ పెళ్లిరోజే చెప్పింది. కొడుకు పేరు చెప్పి వాడి బాపుగా, అంటే తండ్రిగా పిలవడమే మా ఆనవాయితీ. ఆనవాయితీ తప్పడం నాకు చేతకాదు.

"శ్రీపాల్ బాపూ! చాయ్ అయింది, జర ఇటు రాండ్రి!"

నా కేక ముందు గదిలోకి వినబడింది.

"శ్రీపాల్ ఎవలు, చంద్రమౌళి సేటూ?" అన్నాడు భిక్షపతి.

"ఎవ్వలు లేరు... పక్కింటి పిలగాడు..."

"పక్కింటి పిలగాని బాపును మీ ఇంటామె చాయ్‌కి పిలుస్తదా?"

తన పేరు విని శ్రీపాల్ తలుపు బాదాడు. గొళ్లెం నేనే తీశాను. వాడు పరుగున పోయి తండ్రి కాళ్లను చుట్టుకున్నాడు. భిక్షపతి ఇద్దరి ముఖాలూ చూశాడు. ఒకటే ముక్కు.

"ఉన్న కొడుకునే లేడన్నోనికి నా బిడ్డనెట్ల ఇస్త?" అని చెప్పులేసుకున్నాడు.

అత్తమ్మ నా మీదికొచ్చింది. "నీ నోరు పడిపోను! గట్లెందుకు పిలిచినవే?"

"పేరు పెట్టి పిలుద్దునా అత్తమ్మా? నీ కొడుక్కు ఆయుష్షు తగ్గదా?"

ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. కొడుకు రేపెట్లా బతుకుతాడోనని ఆయనకూ నిద్ర పట్టదని నాకు తెలుసు. జాలిపడాల్సింది. పడలేదు. నిద్ర నాకూ పట్టదు; నేను రెండో మొగుణ్ణి వెతుక్కోలేదు.

పప్పన్నం కలిపి గిన్నె ఆయన చేతిలో పెట్టాను.

"కొడుక్కు తినిపియ్యుండ్రి."

"నాకు రాదు."

"నేర్సుకోండ్రి. లేకుంటే రేపు దుకాణం ముందట నిలబడి 'శ్రీపాల్ బాపూ' అని పిలుస్త."

మొదటి ముద్ద వాడు ఆయన చొక్కా మీదే ఉమ్మాడు. ఆయన నావైపు చూశారు. నేను పీట వాల్చుకుని, చూడడానికి వీలుగా, ఎదురుగా కూర్చున్నాను.