కబడ్డీ కప్పుకు చిల్లు పొడవండి

నేను ఒక కబడ్డీ కప్పును. సింహాద్రిని తాగుబోతును చేసింది మీరే. నాలో బీరు పోసిన వంశీధరూ, నువ్వు. గుమ్మంలో నిలబడి నవ్విన, ఆటలు నేర్పే పీడీ సారూ, మీరు. కాదంటే నా ఎదురుగా వచ్చి చెప్పండి.

ఇత్తడి రేకు కొట్టి, వెండిపూత పూసి, రెండు చెవులు అతికించిన విజయనగరం కంచరి నన్ను ఆటగాళ్ల కోసం చేశాడు. నన్ను మీ కాలేజీ గెలుచుకున్న ఏడాదే హాస్టల్లో ఓ ఆచారం పుట్టింది. నా నిండా బీరు పోయాలి, జట్టులో కొత్తవాడు మొదటి గుక్క తాగాలి. కప్పులో తాగింది తాగుడు కాదట, ప్రసాదమట.

మొదటి ఏడాదిలోనే ఫైనల్ గెలిపించిన రైడర్ సింహాద్రి. ఆ సాయంత్రం నన్ను వాడి నోటి దగ్గర పెట్టారు.

"నాకొద్దన్నా. మా అయ్య దీనివల్లే పోనాడు. సీసా ముట్టనని అమ్మకి మాటిచ్చినాను."

"ఓరి, సీసా ఎవడిచ్చాడ్రా నీకు? ఇది కప్పు. కప్పు ముట్టనని కూడా చెప్పినావేటి?" అన్నాడు కెప్టెన్ వంశీధర్.

అందరూ నవ్వారు. వాడు తాగాడు. "కుర్రాళ్లు కదా, ఉద్యోగాలొస్తే వాళ్లే మానేస్తారు" అని గుమ్మంలోంచే నవ్వి పీడీ సారు వెళ్లిపోయారు.

ఉద్యోగాలొచ్చాయి. మీరేం మానలేదు, శనివారానికి వాయిదా వేసుకున్నారు, అంతే. సింహాద్రికి శనివారం దాకా ఆగడం చేతకాలేదు. ఓడరేవులో సూపర్‌వైజరు ఉద్యోగం, గొట్టంలో ఊదించి చూసిన రోజే పోయింది. మీలో ఒక్కడైనా వాడి గుమ్మం తొక్కాడా? పైగా "తాగడం తెలీనోడు" అన్నారు. నేర్పిందీ మీరే, వెక్కిరించిందీ మీరే.

భార్య రజని ఆసుపత్రుల చుట్టూ తిప్పి మాన్పించింది. మళ్లీ పనిలో చేరాడు. పోయిన నెల పాత విద్యార్థుల సమావేశానికి ఇద్దరూ వచ్చారు. నేనుండే బీరువా తాళం తీసిచ్చింది సారే, నన్ను నింపింది వంశీధరే.

"వద్దన్నయ్యా. ఈయన మానీసి ఇప్పుడిప్పుడే మనిషవుతున్నారు" అంది రజని.

"ప్రసాదానికేటమ్మా, ఒక్క గుక్క."

సింహాద్రి నా చెవులు పట్టుకున్నాడు. చుట్టూ చప్పట్లు. ఒక గుక్క దిగింది. రెండోది దిగేలోపు రజని నన్ను లాక్కుని గచ్చుకేసి కొట్టింది. చెవి ఊడి ఎగిరిపడింది. కాలేజీ పరువు పోయిందంటూ అంతా కుర్చీల కింద దూరి నా చెవి వెతికారు. తల పట్టుకుని నేల మీద కూలబడ్డ మనిషిని మాత్రం దాటుకుంటూ తిరిగారు.

నిన్న రజని పీడీ గదికొచ్చింది. "మళ్లీ మొదలెట్టీసారండి" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. అతుకు కోసం పంపాలని సారు నన్ను బల్ల మీదే ఉంచారు.

నన్ను అతికించకండి సారూ. వంశీధర్‌ని వెంటబెట్టుకుని ఈ రోజే సింహాద్రి ఇంటికి వెళ్లండి. మీ ఇద్దరే దగ్గరుండి వాణ్ని ఆసుపత్రిలో చేర్పించండి. వచ్చే వారం ఫైనల్. ఈసారి రైడర్ కూడా మొదటి ఏడాది కుర్రాడే. బయల్దేరే ముందు ఓ మేకు, ఓ సుత్తి తెచ్చుకోండి. చుక్క నిలవకుండా నా అడుగున చిల్లు పొడవండి.